పష్మీనా స్టోల్ కొనేటప్పుడు దేన్ని చూడాలి, దేన్ని నమ్మాలి?

ప్రశ్న: నూలుపోగు

అందరికీ నమస్కారం. వచ్చే శీతాకాలంలో శ్రీనగర్ వెళ్ళే అవకాశం ఉంది. అక్కడ ఒకే ఒక్క పష్మీనా స్టోల్ కొనాలని, అది ఏళ్ల తరబడి మన్నేదిగా ఉండాలని, నేను ఇచ్చే డబ్బులో కొంతైనా దాన్ని వడికి నేసిన చేతులకు చేరేదిగా ఉండాలని నా కోరిక. చేనేత చీరల విషయంలో నాకు కొంత పరిచయం ఉంది. అంచు చూసి, వెనక్కి తిప్పి చూసి, ఏది చేమగ్గం మీద నేసినదో, ఏది మరమగ్గం నుంచి వచ్చినదో చాలావరకు పోల్చుకోగలను. ఉన్ని దగ్గరకు వచ్చేసరికి ఆ పరిచయం ఎంతవరకు పనికివస్తుందో తెలియడం లేదు.

ఒకచోట లేబుల్ మీద "ప్యూర్ పష్మీనా" అని, మరొకచోట "కాష్మీర్" అని, ఇంకొకచోట "సెమీ పష్మీనా", "సిల్క్ పష్మీనా" అని కనిపిస్తున్నాయి. పట్టుకుని చూస్తే అన్నీ మెత్తగానే ఉన్నాయి, ధరలకు మాత్రం ఒకదానితో ఒకదానికి పొంతన లేదు. ఉంగరంలోంచి దూరితే అసలైనదని ఒకరు, ఒక పోగు తీసి కాల్చి వాసన చూడమని మరొకరు చెబుతున్నారు. ఈ పరీక్షలను ఎంతవరకు నమ్మవచ్చు? పరీక్షల సంగతి అలా ఉంచినా, సాదా నేత తీసుకోవడం మంచిదా, కుట్టుపని ఉన్నది తీసుకోవడం మంచిదా? ఈ పనిని దగ్గరగా ఎరిగినవారు చెబితే సంతోషిస్తాను.

జవాబు 1: పడుగుపేక

నూలుపోగు గారూ, ముందు ముడిసరుకు సంగతి తేల్చుకుంటే మిగిలిన చిక్కులు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి.

కాష్మీర్ అన్నా, పష్మీనా అన్నా మూలం మేక శరీరం మీద పైకి కనిపించే ముతక వెంట్రుకల కింద, చర్మాన్ని ఆనుకుని పెరిగే సన్నని నూగే. లద్దాఖ్‌లోని చాంగ్‌థాంగ్ పీఠభూమి 14 వేల అడుగులకు పైన ఉంటుంది. అక్కడ శీతాకాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 30 డిగ్రీల దిగువకు పడిపోతుంది. ఆ చలిని తట్టుకోవడానికి చాంగ్రా మేకలకు దట్టంగా నూగు పెరుగుతుంది, ఎండలు ముదిరే వేళకు అది దానంతట అదే ఊడిపోవడం మొదలవుతుంది. అప్పుడు చాంగ్‌పా సంచార పశుపాలకులు మేకను పడుకోబెట్టి, పొడవాటి పళ్ళున్న దువ్వెనతో ఆ నూగును దువ్వి తీస్తారు. ఒక్కో మేక నుంచి దొరికేది సుమారు పావు కిలో, అందులోంచి ముతక వెంట్రుకలు, మట్టి, జిడ్డు తీసేస్తే మిగిలేది ఇంకా తక్కువ. దాని విలువకు మొదటి కారణం ఈ కొరతే.

లద్దాఖ్ నూగు మందం సాధారణంగా 12 నుంచి 15 మైక్రాన్ల మధ్య ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మనిషి తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే, అది ఎంత సన్ననిదో ఊహించవచ్చు. అంతర్జాతీయ వ్యాపారంలో కాష్మీర్ పేరుతో అమ్ముడయ్యేదంతా ఇంత సన్ననిది కాదు. అమెరికా చట్టం సగటు మందం 19 మైక్రాన్లు మించకపోతే, 30 మైక్రాన్లు దాటిన వెంట్రుకలు బరువులో 3 శాతానికి మించకపోతే కాష్మీర్ అని రాసుకోనిస్తుంది. ప్రపంచంలో ఈ నూగు అత్యధికంగా వచ్చేది చైనా, మంగోలియాల నుంచి. అక్కడి సరుకులోనూ ఎంతో మేలైనది ఉంది. కాబట్టి "కాష్మీర్" అని రాసి ఉంటే నకిలీ అని కాదు, "పష్మీనా" అని రాసి ఉంటే కశ్మీర్‌లోనే తయారైందనీ కాదు. కలప గుజ్జుతో చేసే విస్కోస్ అనే కృత్రిమ దారంతో నేసి పష్మీనా పేరు తగిలించి అమ్మే శాలువాలకు మార్కెట్లో కొదవ లేదు. "సిల్క్ పష్మీనా" అంటే పట్టు కలిసినదని అర్థం, అది దాపరికం లేని పేరు. "సెమీ పష్మీనా" అనే మాటకు మాత్రం కట్టుదిట్టమైన అర్థం ఏదీ లేదు. చాలాసార్లు అది సన్నని గొర్రె ఉన్ని, లేదా ఏ పాళ్లలో కలిపారో చెప్పని మిశ్రమం. అమ్మేవారు శాతాలు చెప్పలేకపోతే ఆ పేరున్నదాన్ని పక్కన పెట్టడమే మేలు.

ఇక ఇంటి పరీక్షలు. ఉంగరం పరీక్ష బట్ట ఎంత పలుచగా ఉందో చెబుతుంది తప్ప, అది దేనితో నేసినదో చెప్పదు. పలుచని విస్కోస్ స్టోల్, పట్టు స్టోల్ కూడా ఉంగరంలోంచి జారిపోతాయి, ఒత్తుగా నేసిన మంచి పష్మీనా శాలువా ఇరుక్కుపోవచ్చు. కాల్చి చూడడం ఇంతకంటే కొంత నయం. జంతువుల బొచ్చు కాలితే జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. విస్కోస్ కాగితం కాలిన వాసన ఇస్తుంది, పాలిస్టర్ కరిగి గట్టి ముద్ద కడుతుంది. ఐతే గొర్రె ఉన్ని కాలినా జుట్టు వాసనే వస్తుంది. అంటే కృత్రిమ దారాన్ని పట్టుకోవడానికి ఈ పరీక్ష పనికివస్తుంది, గొర్రెను మేక నుంచి వేరు చేయడానికి పనికిరాదు. ఆ తేడా నిశ్చయంగా తేల్చాలంటే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో వెంట్రుక మీది పొలుసుల అమరిక చూడాలి, లేదా డీఎన్‌ఏ పరీక్ష చేయాలి. దుకాణంలో నిలబడి ఎవరూ చేయగలిగిన పని కాదది.

అందుకే నేను వేలి స్పర్శ కంటే ముద్రను ఎక్కువగా నమ్ముతాను. కశ్మీర్ పష్మీనాకు 2008లో భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చట్టం ఇచ్చే రక్షణ, జీఐ) లభించింది. దాని ప్రకారం నూగు 16 మైక్రాన్లు మించకూడదు, దారాన్ని చేత్తో వడకాలి, బట్టను చేమగ్గం మీదే నేయాలి. శ్రీనగర్‌లోని క్రాఫ్ట్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న పరీక్షా కేంద్రం ఒక్కో వస్త్రాన్ని విడిగా పరీక్షించి, విడి సంఖ్య ఉన్న ముద్రను అతికిస్తుంది. ఆ సంఖ్యను సరిచూసుకునే వీలుంది. భారతీయ ప్రమాణాల సంస్థ కూడా 2019లో పష్మీనా గుర్తింపు, లేబుల్ విషయంలో ఐఎస్ 17269 అనే ప్రమాణాన్ని తెచ్చింది. ముద్ర లేనంత మాత్రాన నకిలీ అనలేము, చిన్న నేతగాళ్లు అందరూ ఆ కేంద్రం దాకా వెళ్ళరు. కానీ తెలియని దుకాణంలో మొదటిసారి కొంటున్న మీకు అంతకంటే గట్టి ఆధారం దొరకదు.

జవాబు 2: గంజినీళ్లు

పడుగుపేక గారు ముడిసరుకు గురించి చెప్పవలసినదంతా చెప్పారు. చేతుల గురించి అడిగారు కాబట్టి ఆ వైపు నుంచి కొంత చెప్పాలనిపించింది. నా దృష్టిలో ధరలోని అసలు భాగం ఉన్నది అక్కడే.

లద్దాఖ్ నుంచి వచ్చిన నూగును శ్రీనగర్‌లో శుభ్రం చేసే తీరు చూడదగినది. నానబెట్టి దంచిన బియ్యప్పిండిని నూగులో కలిపి చేత్తో పిసుకుతారు. జిడ్డును పిండి పీల్చుకుంటుంది, పోగులకు కొంత పట్టు వస్తుంది. తర్వాత దాన్ని దువ్వి, చిన్న చిన్న చుట్టలు చేసి రాట్నం దగ్గర పెట్టుకుంటారు. యెందర్ అని పిలిచే ఆ రాట్నం మీద వడికేది దాదాపుగా స్త్రీలే, ఇంటి పనుల మధ్య దొరికిన సమయంలో. కూలి కూడా బరువు మీద కాకుండా ముడుల లెక్కన ఇచ్చే ఆనవాయితీ ఉంది. పది పోగులను కలిపి ఒక ముడి వేస్తారు, ఎన్ని ముడులైతే అంత కూలి. నేతకు ముందు పడుగుకు గంజి పట్టిస్తారు, ఎందుకంటే ఈ దారం మగ్గం మీద చాలా సులువుగా తెగుతుంది. చీరల పడుగుకు గంజి పెట్టడం చూసినవారికి ఈ పని కొత్తగా అనిపించదు. నేత పూర్తయ్యాక తేలిన పోగుల చివరలను చిన్న పట్టకారుతో ఏరే మనిషి వేరు, ఉతికే మనిషి వేరు, చిన్న లోపాలను కనబడకుండా రఫూ చేసే మనిషి వేరు.

ఇంత పని ఉన్నా ఆ కూలి ఏనాడూ ఆ పనికి తగినట్టు లేదు. ఈ పరిశ్రమను 15వ శతాబ్దపు సుల్తాన్ జైనుల్ ఆబిదీన్ పెంచి పోషించాడని కశ్మీర్‌లో చెప్పుకుంటారు. అక్బర్ శాలువాలపై మక్కువతో వాటిని రెండేసి జతగా ధరించే పద్ధతిని తెచ్చినట్టు అతని పాలన గురించిన గ్రంథం ఆయీనె అక్బరీ చెబుతుంది. 1684లో లద్దాఖ్, టిబెట్‌ల మధ్య కుదిరిన తింగ్‌మోస్‌గాంగ్ ఒప్పందం ఈ నూగు వ్యాపారాన్ని కశ్మీర్‌కే కట్టబెట్టింది. 1846 నాటి అమృత్‌సర్ ఒప్పందంలో కశ్మీర్ మహారాజు ఆంగ్లేయులకు ఏటా చెల్లించవలసిన కప్పంలో ఒక గుర్రంతో పాటు పన్నెండు శాలువా మేకలు, మూడు జతల కశ్మీర్ శాలువాలు ఉన్నాయి. రాజులు రాజులకు పంపుకునేంత విలువైన ఆ బట్టను నేసినవారిపై మాత్రం దాగ్‌షాల్ అనే శాఖ శాలువా శాలువాకూ పన్ను వసూలు చేసేది. 1865 ఏప్రిల్ 29న ఆ పన్నును నిరసిస్తూ శ్రీనగర్ వీధుల్లోకి వచ్చిన నేతగాళ్లపై సైన్యాన్ని పంపితే, 28 మంది ప్రాణాలు కోల్పోయారని చెబుతారు. కొన్నేళ్లకే, 1870-71 ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధంతో పారిస్ కొనుగోళ్లు ఆగిపోయాయి. స్కాట్లండ్‌లోని పెయిస్లీ పట్టణంలో, చిల్లుల అట్టల సాయంతో నమూనా దానంతట అదే పడే జాకార్డ్ మగ్గాలపై నేసిన అనుకరణలు అప్పటికే చవకగా దొరుకుతున్నాయి. కశ్మీర్‌లోని మామిడి పిందె ఆకారపు బూటాకు ఆ పట్టణం పేరే ప్రపంచమంతా స్థిరపడిపోయింది. నేసినవారికి కూలి మిగలలేదు, గీసిన బూటాకు పేరు కూడా మిగలలేదు. ఈ విషయం తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

కుట్టుపనా, సాదానా అన్న మీ ప్రశ్నకు వస్తాను. కశ్మీర్‌లో అలంకరణ ముఖ్యంగా రెండు దారుల్లో జరుగుతుంది. సోజ్నీ అనేది నేసిన బట్ట మీద సన్నని సూదితో చేసే కుట్టు. మేలైన సోజ్నీలో వెనుక వైపు కూడా దాదాపు ముందువైపంత శుభ్రంగా ఉంటుంది. దాన్ని తిప్పి చూడండి. యంత్రపు కుట్టులో కింద వేరే దారం నడుస్తుంది, అది బిగువుగా, ఒకే తీరుగా కనబడుతుంది. కనీ అనేది కుట్టు కాదు, నేతే. శ్రీనగర్ నుంచి గుల్‌మర్గ్ వెళ్ళే దారిలో ఉన్న కనీహామా గ్రామం దీనికి ప్రసిద్ధి. నాడెకు బదులు రంగు దారాలు చుట్టిన చిన్న చిన్న కొయ్య పుల్లలతో, తాలీమ్ అనే సంకేత లిపిలో రాసుకున్న లెక్క ప్రకారం, వరస వరసకూ ఏ రంగు ఎన్ని పోగుల మీదుగా వెళ్ళాలో చూసుకుంటూ నేస్తారు. నిండు కనీ శాలువాకు ఏడాదికి పైగా పట్టవచ్చు. కనీ పేరుతో చూపించే జాకార్డ్ బట్టను వెనక్కి తిప్పితే రంగు దారాలు పొడవుగా వేలాడుతూనో, కత్తిరించినట్టుగానో కనిపిస్తాయి. అసలు కనీలో ఏ రంగు దారం ఆ రంగు చోటనే ఆగి, పక్క రంగుతో ముడిపడి ఉంటుంది. మీ చీరల పరిచయం ఇక్కడ పూర్తిగా పనికివస్తుంది.

అయినా, మొదటి కొనుగోలుకు సాదా నేతే తీసుకోమంటాను. కుట్టుపని కింద నాసిరకం బట్టను దాచడం సులువు, సాదా బట్టలో దాచడానికి ఏమీ ఉండదు. రంగు అద్దని, నూగు సహజ వర్ణంలోనే ఉన్న లేత గోధుమ వన్నె స్టోల్ దొరికితే ఇంకా మంచిది. అద్దకం, తెలుపు చేసే రసాయనాలు రెండూ తగలని పోగు తన బలం నిలుపుకుంటుంది.

జవాబు 3: మెత్తనిగాలి

ఇద్దరూ చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తున్నాను, ఒక్క చోట మాత్రం భిన్నంగా ఆలోచిస్తాను. చేత్తో వడికినది కాకపోతే నాణ్యత లేదన్న భావన చదివేవారికి కలగకూడదు. యంత్రంపై వడికిన కాష్మీర్ స్కార్ఫ్‌ను అదే పేరుతో, అదే తరగతి ధరకు అమ్మితే అందులో తప్పేమీ లేదు. రోజూ మెడకు చుట్టుకుని తిరిగేవారికి రెండు పేటల దారంతో, కాస్త ఒత్తుగా నేసిన అలాంటి స్కార్ఫే ఎక్కువ అనువుగా ఉంటుంది. యంత్రపు దారాన్ని చేతి దారంగా చెప్పి అమ్మడం దగ్గరే తప్పు మొదలవుతుంది, దానివల్ల నష్టపోయేది రాట్నం ముందు కూర్చున్న స్త్రీలు. కశ్మీర్‌లో మరో పద్ధతి కూడా నడుస్తోంది. ఈ సన్నని నూగు యంత్రం వేగానికి తెగిపోతుంది కాబట్టి నైలాన్ కలిపి వడికి, నేసిన తర్వాత ఆమ్లంతో ఆ నైలాన్‌ను కరిగించేస్తారు. ఆమ్లం తగిలిన నూగు బలహీనపడుతుంది. కొన్నప్పుడు బాగానే కనిపించిన బట్ట త్వరగా పలుచబడి చిరగడానికి ఇది ఒక కారణం.

దుకాణంలో చేతికి, కంటికి అందే గుర్తులు కొన్ని ఉన్నాయి. స్టోల్‌ను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. చేత్తో వడికిన దారం అక్కడక్కడ కొంచెం లావు, కొంచెం సన్నం అవుతూ సాగుతుంది, ఆ హెచ్చుతగ్గులు ఒక క్రమం లేకుండా ఉంటాయి. వస్త్రం అంతటా గీత గీసినట్టు ఒకే మందం ఉంటే అది యంత్రపు దారమని అనుకోవచ్చు. నేతలో ఖాళీలు ఒకచోట వదులుగా, మరోచోట బిగువుగా ఉన్నాయేమో చూడండి. కుచ్చులు పడుగు దారాల కొనసాగింపుగా ఉండాలి, విడిగా తెచ్చి కుట్టినవి కాకూడదు. అరచేతితో బట్టను కొద్దిసేపు రుద్దితే నూగు వెంటనే లేచి ఉండలు కట్టడం మొదలైతే, అందులో పొట్టి పోగులు ఎక్కువగా ఉన్నాయని అర్థం. సన్నదనంతో పాటు పొడవు కూడా ముఖ్యమని చాలామంది గమనించరు. పొడవాటి పోగు దారంలో గట్టిగా పట్టుకుని ఉంటుంది, పొట్టిది బయటికి వచ్చేస్తుంది.

వెన్నలా జారిపోయే మెత్తదనం చూసి మురిసిపోకండి. అతిగా ఉతికి, మెత్తబరిచే రసాయనాలు పట్టించి ఆ స్పర్శను తెప్పించవచ్చు, కొన్ని ఉతుకులకే అది పోతుంది. మంచి పష్మీనా మొదట్లో కొద్దిగా పొడిగా తగిలినా, వాడుతున్నకొద్దీ మెత్తబడుతుంది. బట్టను గుప్పిట్లో పట్టి నలిపి వదిలితే తిరిగి విచ్చుకోవాలి, మెడకు చుట్టుకున్న కాసేపటికి వెచ్చదనం తెలియాలి.

కొలతల విషయం అడగలేదు కానీ చెబుతాను. సుమారు 70 సెంటీమీటర్ల వెడల్పు, 200 సెంటీమీటర్ల పొడవు ఉన్నదాన్ని స్టోల్ అని, మీటరు వెడల్పున్నదాన్ని శాలువా అని అమ్ముతారు. మెడకే అయితే స్టోల్ సరిపోతుంది.

నూలుపోగు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. ముద్ర ఉన్న సాదా స్టోల్, వీలైతే రంగు వేయనిది తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. పష్మీనా కంటే మేలైనది, ఇంకా సన్ననిది షాతూష్ అని, అడిగితే లోపలి నుంచి తెచ్చి చూపిస్తారని కొందరు అంటున్నారు. అది కొనవచ్చా? రెండవది, తెచ్చుకున్నాక దాన్ని ఎలా భద్రపరచాలి?

జవాబు 4: పడుగుపేక

షాతూష్ కొనకండి. చూపించమని కూడా అడగకండి, ఎందుకంటే అడిగేవారు ఉన్నంతకాలం తెచ్చేవారు ఉంటారు. అది మేక నూగు కాదు. టిబెట్ పీఠభూమిలో తిరిగే చిరు అనే అడవి జంతువుది. పెంచి, దువ్వి నూగు తీసుకునే వీలు దానితో లేదు. చంపి తీసుకోవలసిందే. ఒక్క శాలువాకు మూడు నుంచి ఐదు జంతువులు బలి అవుతాయి. 1979 నుంచి అంతర్జాతీయ వాణిజ్యంలో దానిపై పూర్తి నిషేధం ఉంది. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చిరు ఉంది, నేరం రుజువైతే కనీస శిక్షే మూడేళ్ల జైలు. 10 నుంచి 12 మైక్రాన్ల ఆ సన్నదనం గురించి ఎంత గొప్పగా చెప్పినా, మెడ మీద వేసుకోదగిన బట్ట కాదది. పైగా షాతూష్ పేరుతో రహస్యంగా అమ్మేదాంట్లో మామూలు పష్మీనా ఉన్నా, కొన్నవారు ఎవరికీ ఫిర్యాదు చేసుకోలేరు.

బిల్లు గురించి కూడా ఒక మాట. "పష్మీనా స్టోల్ ఒకటి" అని రాసి ఇస్తే ఒప్పుకోకండి. నూరు శాతం పష్మీనా అని, చేత్తో వడికినదని, చేమగ్గంపై నేసినదని, ముద్ర ఉంటే దాని సంఖ్యతో సహా రాయించుకోండి. నిజాయితీగా అమ్మేవారికి అలా రాసివ్వడానికి అభ్యంతరం ఉండదు. నోటితో చెప్పినవన్నీ కాగితం మీద పెట్టడానికి వెనకాడితే మీకు కావలసిన జవాబు దొరికినట్టే, పక్క దుకాణానికి వెళ్ళవచ్చు.

జవాబు 5: మెత్తనిగాలి

భద్రపరచడం గురించి నేను చెబుతాను. తరచుగా ఉతకనవసరం లేదు, వాడిన తర్వాత గాలి తగిలేలా నీడలో పరిస్తే చాలు. ఉతకవలసి వస్తే చల్లని నీళ్లలో తేలికపాటి షాంపూ కొద్దిగా కలిపి, ముంచి, మెల్లగా నొక్కి తీయండి. మామూలు బట్టల సబ్బు పొడుల్లోని క్షారం ఉన్నిని దెబ్బతీస్తుంది. పిండడం, మెలిపెట్టడం అసలు చేయకూడదు. పొడి తువ్వాలులో చుట్టి నీరు అద్ది, మరో తువ్వాలు మీద పరిచి ఆరబెట్టాలి. తడి స్టోల్‌ను దండెం మీద వేస్తే తన బరువుకు తానే సాగిపోతుంది. అదే కారణంతో బీరువాలో హ్యాంగరుకు తగిలించకుండా మడతపెట్టి ఉంచండి, అప్పుడప్పుడు మడత మార్చండి.

పురుగు దీనికి ప్రధాన శత్రువు. చెమట, ఆహారపు మరకలు ఉన్న ఉన్నిని అది ముందుగా పడుతుంది కాబట్టి, చలికాలం ముగిశాక శుభ్రం చేసి పూర్తిగా ఆరిన తర్వాతే దాచాలి. ప్లాస్టిక్ సంచిలో కాకుండా ఉతికిన నూలు గుడ్డలో చుట్టండి. ఎండిన వేపాకును గుడ్డ బయట పెట్టవచ్చు, కర్పూరం ఉండలు నేరుగా బట్టకు తగలకూడదు. వాడుకలో ఉండలు కడితే వేళ్ళతో లాగకండి, పక్క పోగులు కూడా ఊడివస్తాయి. బల్ల మీద పరిచి, చిన్న కత్తెరతో పైపైన కత్తిరించండి. చిల్లు పడినా పారేయకండి. గంజినీళ్లు గారు చెప్పిన రఫూ పనివారు శ్రీనగర్‌లో ఇప్పటికీ ఉన్నారు, కొన్న దుకాణంలోనే అడిగితే చాలాచోట్ల వారి దగ్గరకు పంపే ఏర్పాటు ఉంటుంది. కొనేటప్పుడే ఆ సంగతి కనుక్కుని, అదే బట్ట దారం మూరెడు అడిగి తీసుకుంటే, ఎప్పుడైనా రఫూ అవసరమైనప్పుడు రంగు కలవడం సులువవుతుంది.